పంకా తాడు

నాకు బోనస్ వచ్చిన ఏడాది, క్రిస్మస్ మర్నాడు
ఏడుగురం ఒక్క ఆటోలో
కావలి నుంచి ఇసకపల్లి దారిన పోయాం.
ఉప్పుమళ్ళు దాటాక
ఒకప్పుడు ఉప్పు దొర ఉన్న బంగళా
ఇప్పుడు హోటలు.
స్తంభాలకి సీరియల్ బల్బులు,
వాకిట్లో థర్మాకోల్ మంచు.
సముద్రపు గాలికి ఆ మంచు లేచి
అమ్మ పట్టుచీరకి అంటుకుంటోంది.

మెట్ల దగ్గర జేజి
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.
"వేసుకో జేజీ, ఇది చర్చి కాదు."
"తెలుసులేమ్మా," అంది.
వేసుకోలేదు.

నాన్న మెనూని ఉర్దూలా చదివాడు,
కుడి నుంచి ఎడమకి.
ముందు అంకె, ఆ తర్వాతే కూర.
ఆరువందల ఎనభై దగ్గర వేలు ఆగింది.
ఎడమకి జరిపి చూస్తే
నెల్లూరు చేపల పులుసు!
"దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు.
అన్నాడే గానీ
ఆఖరికి అదే తెమ్మన్నాడు,
తెలిసిన మనిషిని పలకరించినట్టు.

పులుసు రాగి గిన్నెలో వచ్చింది,
కింద చిన్న దీపంతో.
అమ్మ గరిటెతో దేవులాడింది.
"మామిడికాయ ముక్క ఒక్కటీ లేదే!"
"డిసెంబర్లో యాడ తెస్తారే?"
"తేలేనోళ్ళు వండడమెందుకు?"
సర్వర్ పిల్లాడు నవ్వాపుకున్నాడు.
అల్లూరు వాడట.

అప్పుడు చూశాం
జేజి కుర్చీ ఖాళీ.

గోడ దగ్గర నిలబడి ఉంది,
చెప్పులు ఇంకా చేతిలోనే.
ఎదురుగా నల్లటి చట్రంలో ఫోటో.
ఇదే గది, ఇదే పొడుగాటి బల్ల.
దొర, దొరసాని, కాళ్ళ దగ్గర కుక్క.
కింద రాసిన పేర్లు
మా తబిత కూడబలుక్కుని చదివింది.
దొర పేరు నోరు తిరగలేదు గానీ
కుక్క పేరు బ్రూనో.

"మా నాయన యాడుండాడో చూడమ్మా."
తబిత మళ్ళీ చదివింది.
బల్ల మీద వేలాడే గుడ్డ పంకా ఉంది.
పంకాకి కట్టిన తాడు ఉంది.
తాడు గోడలో ఒక బెజ్జం దాకా పోయింది.
అక్కడితో ఫోటో అయిపోయింది.

పెంచలయ్య బెజ్జానికి అవతల, వరండాలో
తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని
వెల్లకిలా పడుకుని
రాత్రంతా కాలు ఆడించేవాడట.
ఇంటికొచ్చి నిద్రపోయినా
ఆ కాలు మటుకు ఆగేది కాదని
జేజి నాకు చిన్నప్పుడెప్పుడో చెప్పింది.
కథనుకున్నాను.

బెజ్జం ఇంకా ఉంది.
ఇప్పుడు అందులోంచి ఏసీ గొట్టం పోతోంది,
చుట్టూ తెల్ల సిమెంటు పూసి.
జేజి చెయ్యెత్తి తడిమింది.
అంచున సున్నం కొంచెం రాలి
ఆమె జాకెట్టు మీద పడింది.
నాన్న "పులుసు ఆరిపోద్దమ్మా, రా" అన్నాడు.

ఐస్‌క్రీము వచ్చే వేళకి కరెంటు పోయింది.
బల్బులు, ఏసీ, పాటలు
అన్నీ ఒక్కసారిగా.
హాలంతా ఉస్సురంది.
పక్క బల్ల ఆవిడ మెనూతో విసురుకోవడం మొదలెట్టింది.
ఆ చీకట్లో
తలుపు సందులోంచి సముద్రం వినపడింది,
దాని మీద జేజి గొంతు:

"మా నాయన కునుకు తీసుంటాడు.
పోనీండి.
లేపమాకండి."

నవ్వాలో కూడదో తెలియక
అందరం జేజి వైపు చూశాం.
తనే ముందు నవ్వింది,
పళ్ళు లేని నోటితో, గట్టిగా,
పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేంతగా.

జనరేటర్ అందుకోడానికి రెండు నిమిషాలు పట్టింది.
బిల్లులో సర్వీస్ ఛార్జీ చూసి
"గాలికి కూడా వేశారేమో చూడు" అన్నాడు నాన్న.
నేను చూడలేదు, కట్టేశాను.
మిగిలిన పులుసు పొట్లం కట్టించింది అమ్మ.

తిరుగు ఆటోలో
జేజి ఒళ్ళో తబిత నిద్రపోయింది.
ఉప్పుమళ్ళ మీద చలిగాలి.
జేజి కళ్ళు మూసుకునే ఉంది గానీ
అమ్మ కాళ్ళ మీదుగా చాపిన ఆమె కుడికాలు
మెల్లగా ఆడుతోంది.
ఆటో కుదుపేమో అనుకున్నాను.
కావలి గేటు పడి
ఆటో ఆగింది.