అమావాస్య సెలవు

గోడ మీద టైంటేబుల్ గీసుకున్నాను, నాలుగు రంగుల్లో.
పాథాలజీ ఎరుపు, ఫార్మకాలజీ నీలం,
మైక్రోబయాలజీ ఆకుపచ్చ, వార్డు పోస్టింగు నలుపు.
ఖాళీ సమయానికి రంగు మిగల్లేదు.
ఆదివారం నాలుగు నుంచి ఆరు, తెల్లగా వదిలేశాను.
మూడు వారాల్లో ఆ గడి మీద
టీ కప్పు మరక పడింది,
తర్వాత ఇంటర్నల్స్ తేదీ పడింది.

సుభస్మిత నా రూమ్మేటు, కటకం పిల్ల.
రేపు పరీక్షనగా కూర్చుని గోళ్ళకి రంగేసుకుంటుంది.
"చదివింది కూడా ఆరాలి కదా" అని
వేళ్ళు ఊదుకుంటుంది.
నేను నవ్వి పెన్సిలిన్ దగ్గరికి తిరిగి వెళ్తాను,
అదే పేజీలో అరగంట ఉంటాను.
నిద్రపోయానని నాకు తెలీదు,
పేజీకి తెలుసు. నా చెంప అచ్చు
దాని మీద తడిగా ఉంటుంది.

ఆవేళ మెడిసిన్ వార్డులో
పదిహేడో మంచం ముసలమ్మ,
భంజనగర్ అవతల ఏదో పల్లె.
జ్వరం ఎప్పట్నుంచి, చలి వస్తోందా,
వాంతులు ఎన్నిసార్లు,
ఇంట్లో ఇంకెవరికైనా ఉందా,
అన్నీ ఒడియాలో గడగడా దొర్లించాను.
ఆమె అన్నిటికీ కలిపి ఒకటే అడిగింది:
"ఖాఇలుణి కి, మా?"
తిన్నావా తల్లీ అని.
కేసు షీటులో దానికి గడి లేదు.
గంట రెండున్నర. తినలేదు.
దిండు కింద నుంచి అరటిపండు తీసింది,
మచ్చలు పడ్డది.
పుచ్చుకోవచ్చో కూడదో ఏ లెక్చర్లోనూ చెప్పలేదు.
మెట్ల మీద నిలబడి తినేశాను.

హాస్టల్ నుంచి మా బిజిపురం
ఆటోలో పద్దెనిమిది నిమిషాలు.
వెళ్ళి ఐదు వారాలైంది.
ఆ సాయంత్రం వెళ్ళాను.
వీధి మలుపులోనే ఏదో తేడా తెలిసింది,
ఒక్క మగ్గం చప్పుడూ లేదు.
ఎవరికేమైందోనని గుండె జారింది
(ఆస్పత్రిలో తిరిగితే ముందు అదే తోస్తుంది).
ఇంట్లో చిన్నాన్న చాప మీద పడుకుని
మౌతార్గాన్ ఊదుతున్నాడు, ఘోరంగా.
గురువారానికి పెళ్ళిచీర ఇవ్వాలి,
పడుగు మీద ఇంకా గజంన్నర ఉంది.
"మరి ఇలా పడుకున్నావేం?"
"ఏటే గుంటా, అమావాస్య కదేటి?"
"మగ్గం ఆపితే నష్టం కాదా?"
"నష్టమే" అన్నాడు పెదాలు తుడుచుకుని.
"నెలకో రోజు నష్టపోవాలని
తాతల నాడే లెక్కేసీసినారు."
మళ్ళీ ఊదాడు. పక్కింటి కుక్క అరిచింది.

హాస్టల్‌కి వచ్చి టైంటేబుల్ చింపేశాను
అని రాయాలని ఉంది. చింపలేదు.
చింపితే మళ్ళీ గీయడానికి ఒక రాత్రి పోతుంది.
తెల్లగడి మాత్రం ఎరుపుతో పూడ్చేశాను,
ఎలాగూ అది అబద్ధమే.
క్యాలెండర్లో అమావాస్యలకి సున్నాలు చుట్టాను,
యూనివర్సిటీ పరీక్షలకి ముందు తొమ్మిది.
ఒకటి సరిగ్గా ఫార్మకాలజీ ఇంటర్నల్ నాడు పడింది.
ఆ సెలవు పాడ్యమికి జరుపుకుంటాను.
చిన్నాన్నకి చెప్పను.

మొదటి సున్నా నాడు
సుభస్మితని లాక్కుని గోపాలపురం బస్సెక్కాను.
ఇసుకలో చీకటి పడేదాకా కూర్చున్నాం.
చంద్రుడు లేడు, అలల అంచు తెలుపు ఒక్కటే.
సంచిలో యాభై రెండు ఫ్లాష్‌కార్డులు ఉన్నాయి,
అవీ గాలి పోసుకుంటాయని తెచ్చానన్నాను.
"దొంగా" అంది.
బస్సు వేళకి ఒక్కటంటే ఒక్కటే తీశాను,
టెట్రాసైక్లిన్లు.
వెనక వైపు తిప్పేలోపు గాలి లాగేసుకుంది.
ఇద్దరం పరిగెత్తాం, అందలేదు.
చెప్పులు వెతుక్కోడానికి ఇంకో పావుగంట.

ఇంటర్నల్‌లో అదే వచ్చింది.
సగం రాశాను.
మిగతా సగం దగ్గర పెన్ను ఆగి
ఉప్పు వాసన వచ్చింది.
ఇన్విజిలేటరు వచ్చి
ఎందుకు నవ్వుతున్నావని అడిగారు.