ఉప్పు పద్దు

మా దీవిలో పదిహేడు ఇళ్ళు.
ఆ ఏడాది నా కొట్లో అమ్ముడైన ఉప్పు
ఊరందరినీ రెండుసార్లు ఊరబెట్టడానికి చాలు.

ఫిన్లండ్ అంతటా మందు మీద నిషేధం.
చట్టం హెల్సింకీలో అచ్చయింది,
మా దాకా వచ్చేసరికి తడిసింది.

రాత్రుళ్ళు ఎస్తోనియా వైపు నుంచి పడవలు.
వెనక నీళ్ళ కింద ఈడ్చుకొచ్చే రేకు డబ్బాలు,
తొమ్మిదేసి ఒక గొలుసు,
గొలుసుకో ఉప్పు బస్తా.
కస్టమ్స్ లాంతరు కనబడితే తాడు కోసెయ్యడమే.
బరువుకి మునుగుతాయి.
ఉప్పు కరిగాక
ఏమీ ఎరగనట్టు పైకొస్తాయి.
మా సముద్రం చప్పనిది, ఉప్పంటే ఆబ దానికి.
ఎంత ఉప్పుకి ఎంత సేపో
వెర్నర్‌కి నోటికొచ్చు.
బళ్ళో ఏడో ఎక్కం రాక
నా పలక చూసి రాసినవాడే.

కస్టమ్స్ లిండ్‌రూస్ అడిగాడొకసారి:
"ఇంత ఉప్పెందుకు, ఎడ్లా?"
"హెర్రింగ్ చేపలకి."
"ఈ ఏడు చేపలే పడలేదుగా?"
"పడతాయేమోనని."
కప్పులో నాణెం వేసి
అది మాయమయ్యేదాకా కాఫీ పోశాను,
మళ్ళీ కనబడేదాకా ఇంకోటి.
నా ఉప్పు తిన్నవాడు కాదు గానీ
ఆ కప్పు ఖాళీ చేసినవాడు.

అక్టోబరులో వెర్నర్ నాలుగు బస్తాలు భుజానేసుకున్నాడు.
"రాసుకో" అన్నాడు.
తలుపు సరిగా వెయ్యలేదు, గాలి లోపలికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తేలాయి డబ్బాలు.
ఒకటి. రెండు.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత గుంపుగా.
పడవ బండల దగ్గర బోర్లా దొరికింది.
రేవు మీద ఊరంతా ఉంది,
డబ్బాలకేసి చూసేవాళ్ళు లేరు.
లిండ్‌రూస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని
చీకటి పడేదాకా నీళ్ళకేసి లెక్కపెట్టాడు.
ముప్పై ఆరు.
రిపోర్టులో ముప్పై నాలుగని రాశాడట.
శవం లేని అంత్యక్రియల పొద్దున
మిగతా రెండూ నా పెరటి మెట్ల మీద ఉన్నాయి.
పాస్టరుగారు కూడా రెండో కప్పు వద్దనలేదు.

ఇప్పుడు నిషేధం లేదు.
టౌనులో సర్కారే కొట్టు తెరిచింది.
చలిలో జనం వరసకట్టారు,
చర్చిలో కూడా అంత బుద్ధిగా నిలబడరు.
నా ఉప్పు బేరం పడిపోయింది.

పాత బాకీలన్నీ కొట్టేశాను, ఒక్క గీత తప్ప:
'వెర్నర్, నాలుగు బస్తాలు.'
మొన్న అతని చెల్లెలు సీన్యె వచ్చి
అన్న బాకీ తీర్చేస్తానంది, పర్సు తీసింది.
వినబడనట్టు
ఆమెకు పంచదార తూచాను.