ఆరున్నర

హ్యూస్టన్‌లో రాత్రి రెండు దాటాక
నా బల్ల మీదికి రక్తమే వస్తుంది, మనుషులు రారు.
పేరు, గంట, గొట్టానికి ఆకుపచ్చ మూత.
అయినా ఎర్మెలిందో సూనిగాని గుర్తుపడతాను.
ఓలాంచో నుంచి వచ్చినవాడు, ఇళ్ళకి కప్పులు వేస్తాడు,
మూత్రపిండాలు రెండూ చేతులెత్తేసి మూడేళ్ళు.

కాగితాలున్నవాడికి వారానికి మూడుసార్లు డయాలసిస్.
లేనివాడికి, ప్రాణం మీదికొచ్చినప్పుడు.
ప్రాణం మీదికి రావడమంటే ఏమిటో
మా ఆసుపత్రి అంకె వేసి చెప్పింది:
పొటాషియం ఆరున్నర.
ఆరు పాయింట్ నాలుగైతే ఇంటికి పో,
ఇంకాస్త చచ్చి రా.

అందుకే వాళ్ళావిడ దిల్సియా
పార్కింగ్‌లో ట్రక్కు తలుపు తెరిచి
అరటిపళ్ళు వలుస్తుంది,
డాక్టర్లంతా వద్దన్న పండు.
ఒకటి, రెండు.
మూడోది మింగుడుపడక
అతను తలుపుకి తల ఆన్చి నవ్వుతాడట.
లిగాయా చెప్పింది. రక్తం తీసేది ఆమే.

అందుకోగలిగినంత ఆరోగ్యం ప్రతి ఒక్కరి హక్కని
ఒడంబడికలో రాసుంది, చదివాను.
మా దేశం దాని మీద సంతకం పెట్టి
గుమ్మం బయటే నిలబెట్టింది.
లోపలికి రావడానికి
దానికీ కాగితాలు లేవు కాబోలు.

ఈ రాత్రి గొట్టం గిర్రున తిరిగి ఆగాక
పైన తేరిన నీరు గడ్డి రంగులో ఉండాల్సింది,
గులాబీగా ఉంది.
కణాలు చితికితే అలా అవుతుంది.
చితికిన కణం తన పొటాషియం కక్కేస్తుంది,
అంకె అబద్ధంగా పెరుగుతుంది.
సూది సన్నదైతే చితుకుతాయి.
గొట్టాన్ని పిడికిట్లో పట్టి
మజ్జిగ చిలికినట్టు కుదిపినా చితుకుతాయి.

ఆరు పాయింట్ ఏడు.

రూలు తెలుసు: పారబొయ్యి, మళ్ళీ తీయించు.
పదకొండేళ్ళలో ఒక్క తప్పు అంకె పంపలేదు నేను,
పార్టీల్లో చెప్పుకునేవాణ్ణి కూడా.
ఫోన్ ఎత్తాను. అవతల లిగాయా ఊపిరి.
ఆమె వెనక ఎక్కడో అతని దగ్గు, తడి దగ్గు,
ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరినవాడిది.

"సూది సన్నదా?" అన్నాను.
కుర్చీ కిర్రుమంది.
"సన్నదే," అంది.

ఆరు పాయింట్ ఏడు, కొట్టాను, పంపాను.
చేతులు కడుక్కున్నాను. రోజూ కడుక్కునేవే.
తుడుచుకున్నాక ఎందుకో
వాసన చూసుకున్నాను,
అరటిపండు ఏమైనా అంటిందేమోనని.