పద్నాలుగో గదిలో ట్యూబులైటు

డండీలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
రెండో అంతస్తు, పద్నాలుగో గదిలో
ఒక ట్యూబులైటు రొద పెడుతుంది.
ఎవరికీ వినబడదంటారు.
నాకది తలలో చిక్కుకున్న జోరీగ.

ఇవాళ అక్కడే శిక్షణ:
'భిన్నమైన మెదళ్లను కలుపుకుపోవడం ఎలా?'
ముప్ఫై కుర్చీలు, గుండ్రంగా.
ముందు పక్కవాళ్ల కళ్లలోకి రెండు నిమిషాలు చూడాలట.
నేను పక్కాయన కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టాను.
అరవై ఒకటి దాకా వచ్చానో లేదో, గంట కొట్టారు.

పదకొండేళ్లుగా ఇక్కడ గణాంకశాస్త్రం చెబుతున్నాను.
మూడొందల మంది ముందు వణకని గొంతు
కాఫీ మిషను దగ్గర
'వారాంతం ఎలా గడిచింది?' అంటే ఎండిపోతుంది.
శనివారం సంగతా, ఆదివారం సంగతా?
అంతా చెప్పేసరికి
వాళ్ల కప్పు చల్లారిపోతుంది.

నిరుడు, నలభై నాలుగో ఏట, డాక్టరు కాగితం వచ్చింది.
అది నాకు కొత్త పేరు పెట్టిందనుకోను.
పాతవి కొన్ని తుడిచింది:
పొగరు, పరధ్యానం, మొద్దు,
పిలిస్తే పలకదు.

యూనివర్సిటీ ఫారం పంపింది. తొమ్మిది పేజీలు.
'మీ ఇబ్బందిని ఒకటి నుంచి పది దాకా కొలవండి.'
దేనితో పోల్చి కొలవాలని తిరిగి రాశాను.
జవాబింకా రాలేదు.

మా ఆఫీసు గుమాస్తా ఇష్‌బెల్ మాత్రం
మీటింగు ముందురోజే బల్ల మీద చీటీ పెడుతుంది:
'రెండో అంశం నీది. నాలుగు నిమిషాలు.
కొత్తతను వస్తాడు, గట్టిగా నవ్వుతాడు.
తలుపు పక్క కుర్చీ నీకు.'
ఎందుకని నేనడగలేదు.
తన తమ్ముడు చెంచాలన్నీ ఒకే దిక్కుకి తిప్పి పెట్టేవాడని
ఒకసారి వానలో, బస్సు కోసం చూస్తూ, అంది.

శిక్షణ సగంలో ఉండగా
చెవుల మీద చేతులు వేసుకున్నాను.
తలుపు అద్దంలోంచి చూశాడేమో,
బంట్రోతు డూగల్ నిచ్చెనతో లోపలికొచ్చాడు.
ఎవరి అనుమతీ అడగలేదు.
శిక్షకురాలు నోట్లో మాట నోట్లోనే.
ట్యూబు మెలితిప్పి, ఊడదీసి, చంకన పెట్టుకుని
'నాకూ వినబడుతుందమ్మా, ఇరవై ఏళ్లుగా' అన్నాడు,
నా వైపు కాక కిటికీ వైపు చూస్తూ.

గది సగం మసకైంది.
ఆ మసకలోకి
కుర్చీలు ఈడ్చుకుంటూ, ఒక్కొక్కరే.
లెక్కపెట్టాను:
నలుగురు.