వల కన్ను

ఆర్యపల్లి ఒడ్డున నల్లిసక
అయస్కాంతానికి గడ్డంలా వేలాడింది.
కొర్లయ్య పడవ నీడలో కూర్చుని
ఏడు సీసాలు నింపాను.

బరంపురం తపాలా కచేరీలో గుమాస్తా
"బాలీ?" అని రెండుసార్లు అడిగాడు.
అవును, ఇసకే.
విలువ అన్న గడిలో సున్నా వేశాను.
పంపడానికి మాత్రం నాలుగువేల ఎనిమిదొందలయింది.

రెండు సీసాలు జర్మనీకి, మూడు జపాన్‌కి.
మిగతా రెండూ మా ల్యాబులోనే,
కరెంటు పోయినప్పుడల్లా చల్లారే కొలిమి పక్కన.
పన్నెండున్నరకి తెర మీద కలుస్తాం.
ఆమెకి పొద్దుటి కాఫీ, ఆయనకి సాయంత్రపు వాన,
మాకు క్యారేజీ విప్పే వేళ.
పద్దెనిమిది నానోమీటర్లా ఇరవయ్యా అని వాదన.
నేనన్న మాట ఒక్కటే:
వానాకాలం ఇసక వేరు.
దాన్ని ఇద్దరూ రాసుకున్నారు.

డిసెంబర్లో బొమ్మ వచ్చింది.
ఇసక పొరయింది, పొర నిండా కన్నాలు.
ఫోన్లో పెద్దది చేసి కొర్లయ్యకి చూపించాను.
వల కుట్టే సూది పళ్లమధ్య పట్టుకుని
చాలాసేపు చూశాడు.

"కన్ను మరీ సిన్నది బాబూ.
పిల్లసేపక్కూడా దారొగ్గలేదు.
ఇలాటి వలేస్తే మా పేట ఊరుకోదు."

చేపలకి కాదు, నీళ్లు వడకట్టడానికన్నాను.
మురికి ఆగుతుంది, జబ్బు ఆగుతుంది.

"మరి ఉప్పు?"

ఆగదు.
ఆ ప్రశ్నే, ఇంగ్లీషులో, ఆర్నెల్లుగా
మూడు దేశాల మధ్య నలుగుతోంది.

సూది తీసి నవ్వాడు.
"అయితే సంద్రం మీకింకా పడ్లేదన్నమాట."

తెగినచోటికి మళ్లీ వంగాడు.
నేను ఎనిమిదో సీసా మూత తిప్పాను.