బుగ్గలతో వెతకాలి

గది దొరకడానికే పదకొండు రోజులు పట్టింది.
మంగళవారం జూడో వాళ్ళది, బుధవారం పాటల బృందానిది.
గురువారం ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీనే,
కానీ హీటర్ పనిచెయ్యదు, పర్లేదా
అంది విద్యార్థి సంఘం ఆఫీసులో రియానన్.
పర్లేదన్నాను.
అబెరిస్ట్‌విత్‌లో నవంబరు.
సముద్రం రోడ్డెక్కి నడుస్తోంది.

నాటక బృందంలో నా పదవి పేరు చాంతాడంత:
నైపుణ్య శిక్షణ తరగతుల నిర్వహణ కార్యదర్శి.
అంటే, కెటిల్ మోసేది నేను,
తాళంచెవికి సంతకం పెట్టేది నేను,
బిస్కెట్ల బిల్లు పర్సులో దాచేది నేను.
వేదిక ఎప్పుడూ ఎక్కలేదు.
ఎక్కమని ఎవరూ అడగలేదు,
నేనూ అడగనివ్వలేదు.

మొదటి వారం గొంతు సాధన.
కాగితం మీద పదమూడు పేర్లు, కుర్చీల్లో నలుగురు.
ఆ నలుగురినే చల్లటి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి
కడుపుతో ఊపిరి పీల్చమంది నేర్పడానికొచ్చినావిడ.
కిటికీ అవతల సముద్రపు కొంగలు
ఈ పాఠం మాకెప్పుడో అయిపోయిందన్నట్టు అరిచాయి.

రెండో వారం కత్తియుద్ధం.
ముప్ఫై ఒక్క మంది!
కర్రకత్తులు ఏడే.
మిగిలినవాళ్ళు గొడుగులతో కలబడ్డారు.
ఈ ఊరి గాలిలో గొడుగుకి
అంతకన్నా గౌరవమైన పని దొరకదు.
ఓవెన్ చచ్చిపోవడం ఎంత బాగా నేర్చుకున్నాడంటే
టీ చల్లారుతోందన్నా లేవలేదు.

మూడో వారం గురించి అడక్కండి.
తాళంచెవి పోయింది.

నాలుగో వారం దీపాలు.
గెథిన్ వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళు.
ఎప్పుడో మూతపడ్డ థియేటర్లో
సగం జీవితం నిచ్చెన మీదే గడిపాడట.
నేల మీద కాస్త తడబడతాడు,
నాలుగో మెట్టు మీద నిటారుగా ఉంటాడు.
నేర్చుకోవడానికి వచ్చింది ఇద్దరు,
ఓవెన్, కెమిస్ట్రీ చదివే సెరెన్.
ఒకరు నిచ్చెన పట్టుకోవాలి, ఒకరు బోర్డు దగ్గరుండాలి.
"మరి వెలుగు ఎవరి మీద పడాలి?" అన్నాడు గెథిన్
నా చేతిలో కెటిల్ వైపు చూస్తూ.
కుర్చీ పెడదాం అన్నాను.
"కుర్చీకి మొహం ఉండదమ్మాయ్."

ఎక్కాను.
కెటిల్ దించడం మర్చిపోయి, దానితో సహా.

"కళ్ళతో వెతక్కు, కళ్ళు మోసపోతాయి.
బుగ్గలతో వెతుకు.
వేడి ఎక్కడ బాగా తగిలితే అక్కడ ఆగు."

కళ్ళు మూసుకున్నాను.
అరడుగు ఎడమకి. చల్లన.
ఇంకాస్త ముందుకి. గోరువెచ్చన.
ఇంకొక్క అంగుళం.
పిండి పొయ్యబోతూ పెనం పైన అరచెయ్యి చాపి
అట్టుకి అదునైందా అని చూస్తామే,
ఆ వేడి.
నా మొహమే అరచెయ్యిలా తెరుచుకుని ఆగింది.

"అదీ!" అని పైనుంచి ఒక కేక,
మర బిగుసుకుంటున్న కిర్రు చప్పుడు.

ఆ హీటర్ లేని హాల్లో
వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే.
అందులో నేనున్నాను.

ఏదో ఒకటి చెప్పాలనిపించింది.
ఏ పాత్ర మాటలూ రావు నాకు.
అందుకని ఈ నెల పద్దు చదివాను, పైకి, నెమ్మదిగా:
గది అద్దె ఇరవై రెండు పౌండ్లు,
పాలు, చక్కెర మూడు,
పోయిన తాళంచెవికి పన్నెండు,
దొరికాక వాళ్ళు తిరిగివ్వనన్నది అదే పన్నెండు...

సెరెన్ వెలుగుని మెల్లమెల్లగా దించింది,
విషాదాంతానికి దించినట్టు.
ఓవెన్ నవ్వాపుకుంటుంటే నిచ్చెన వణికింది.
గెథిన్‌కి ఒక చెయ్యే ఖాళీ,
దానితోనే మెట్టు మీద తట్టి చప్పట్లన్నాడు.

తొమ్మిదికి తాళం వేసి సంతకం పెట్టాను.
బుగ్గలు ఇంకా చల్లారలేదు.
వచ్చే గురువారం ముసుగుల తయారీ.
పేర్ల కాగితం తలుపుకి అంటించి, వీధి చివరిదాకా వెళ్ళి,
ఉప్పు జల్లులో వెనక్కొచ్చి
నా పేరు రాశాను.
తడికి పెన్ను సగమే పడింది.
మళ్ళీ దిద్దాను.