చదివి వినిపించగా

కందుకూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల వసారాలో నా టేబులు.
పదిహేడేళ్లుగా ఊరి గుట్లన్నీ
ఈ కీబోర్డు మీదుగానే నడిచిపోయాయి.
ఎవరి చేను ఎవరి అప్పు కిందికి పోయిందో,
ఏ ఆలుమగలు ఏ తారీఖున విడిపోదామనుకున్నారో.
బొటనవేలికి అంటిన నీలిసిరా
తలకు రుద్దుకుని వాళ్లు వెళ్లిపోతారు.
నేను మర్చిపోతాను.
మర్చిపోవడం కూడా నా ఫీజులో భాగమే.

పోయిన నెల నించి తెర మూలన ఒకటే పోరు:
పాతదానికి ఇక కాపలా ఉండదు,
కొత్తదానికి మారండి.
రెండే బొత్తాలు, ఇప్పుడు, తర్వాత.
వద్దు అనే బొత్తాం కోసం వెతికాను.
పెట్టలేదు.

కరీముల్లా వచ్చి పెన్‌డ్రైవు గుచ్చాడు.
నా టీ చల్లారి తొరక కట్టేలోపు
కొత్త సిస్టమ్ లేచి కూర్చుంది,
చుట్టపుచూపుగా వచ్చినంత మర్యాదగా.
కాసేపటికి అడగడం మొదలెట్టింది.
మీరెక్కడున్నారో చూస్తుండనా,
మీరు కొట్టే మాటలు నేర్చుకోనా,
మైకు తెరవనా, కెమెరా.
అన్నిటికీ ముందే తానే అవును పెట్టుకుని
మళ్లీ నన్నడుగుతోంది.
కాపలా ఉంటానన్నవాడు
బీరువా తాళం కూడా ఇమ్మన్నట్టు.

"ఎవురు చదవతారక్కా అదంతా? నొక్కెయ్."

నేను చదువుతానబ్బయ్యా. నా కూడు అదే.

యాభై ఆరు పేజీలు. చతుస్సీమలు లేవు.
తూర్పున ఎవరి గట్టో, పడమర ఎక్కడ ఆగుతుందో,
హద్దురాయి ఒక్కటీ పాతలేదు.
సాక్షుల సంతకాలకు చోటే వదల్లేదు.
"మా భాగస్వాములు" అని ఒక మాట.
ఎంతమంది? ఎవరి వాటా ఎంత?
ఇట్టాంటి కాగితం నేను పట్టుకెళ్తే
సబ్‌రిజిస్ట్రారు మొహాన కొడతాడు.
"ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకముగా,
చదివి వినిపించగా విని, సమ్మతించి" అని
వేలమందికి రాసిచ్చినదాన్ని,
ఈసీల కోసం ముగ్గురు నా నెత్తిన నిలబడి ఉండగా
నొక్కాను.

నాలుగోనాడు గుడ్లూరు నించి
మాలకొండయ్య పెద్దకొడుకు వచ్చాడు,
రొయ్యల గుంట లీజు కాగితానికి.
తండ్రి పేరు దగ్గర "మా" అని కొట్టానో లేదో
తెర తానే సాయానికి వచ్చింది.
మాలకొండయ్య. మాలకొండయ్య వీలునామా.
దాని పక్కనే, సింగరాయకొండలో ఉండే
ఒక ఆడమనిషి పేరు. ఎనభై సెంట్లు.
ఎండాకాలం మిట్టమధ్యాన్నం
వసారాలో ఇంకెవరూ లేకుండా చూసి
ఆ ముసలాయన గొంతు తగ్గించి చెప్పిన మాట.

నా అరచెయ్యి తెరమీద పడింది.
"ఏందక్కా?" అన్నాడు కొడుకు.
"దోమ."

ఆ రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
మెనూ వెనక మెనూ,
దాయాదులు పంచుకున్న ఇంట్లో గదుల మాదిరి.
ఒక్కో మీటా వెతికి ఆర్పాను.
ఒకటి ఆరినట్టే ఆరి తెల్లారి మళ్లీ వెలిగింది.
కెమెరా కంటికి రూపాయి రెవిన్యూ స్టాంపు
ఉమ్మితో తడిపి అంటించాను.
ఆఖరి మీట దగ్గర అది హెచ్చరించింది:
ఇది ఆపితే కొన్ని సౌకర్యాలు పనిచేయవు.
నాకూ అంతే నాయనా,
చెవిన పడ్డది నోటిదాకా వచ్చే సౌకర్యం
నాలో మొదటి నించీ పనిచెయ్యదు.

వీలునామాలిక కలంతోనే రాస్తున్నాను.
వేళ్లు నొప్పి పుడతాయి, పుట్టనీ.

మొన్న మాలకొండయ్య సైకిలాపి,
ఒక కాలు నేల మీద ఆనించి అడిగాడు.
"మన కాగితం బద్రంగానే ఉండాది గదమ్మా?"

ఉండాదన్నాను.

పదిహేడేళ్ల నా చేతిరాతలో ఎక్కడా లేని
దొంగ సాక్ష్యం అది.
ఆయన నమ్మి, పెడలు తొక్కుకుంటూ పోయాడు.